రబ్బరు పట్టిన చెయ్యి

మార్పు అంటే నాకు ప్రాణం!

ముప్పై ఏళ్లుగా లైబ్రరీలో ఒక్క కుర్చీని కూడా కదలనివ్వని లైబ్రేరియన్ ఈ మాట అంటున్నాడేమిటని నవ్వకండి. మా లైబ్రరీకి ఇప్పుడు సోషల్ మీడియాలో పేజీ ఉంది. మనిషి నిప్పు కనిపెట్టాక లోకానికి ఇంత మేలు మరొకటి జరగలేదని నా గట్టి నమ్మకం.

మొదట్లో ఎదిరించిన మాట నిజమే. కంప్యూటర్ వచ్చినప్పుడు దుమ్ము పడుతుందని దానిమీద గుడ్డ కప్పాను. మూడేళ్లు కప్పే ఉంచాను. గుడ్డను మాత్రం వారం వారం ఉతికించేవాణ్ణి. మనస్తత్వ శాస్త్రం పుస్తకాలున్న బీరువా నాకు కంఠతా వచ్చు. మార్పును ఎదిరించేవాడికి అసలు భయం మార్పంటే కాదట, తనకు చేతకాదని నలుగురికీ తెలిసిపోతుందనట. ఆ వాక్యం చదివి, పుస్తకం మూసి, పై అరలో పెట్టాను. నాకే అందనంత పైన.

అప్పుడు పై అధికారి ఫోన్ చేశారు.

"నెలాఖరుకి మీ పేజీలో వంద కామెంట్లు పడకపోతే రీడింగ్ హాలు మూసేస్తామండీ."

"హాల్లో రోజూ మనుషులు కూర్చుంటున్నారండీ."

"కూర్చుంటే నాకెలా తెలుస్తుంది? కామెంట్ పెట్టమనండి!"

ఎంత సూక్ష్మమైన తర్కమో చూశారా! కళ్లెదుట ఉన్నవాడు ఉన్నట్టు కాదు. అయితే కామెంట్ పెట్టమని ఎవరిని అడగను? పాఠకుల ముఖాలు నాకు తెలియవు, చేతులే తెలుసు. పుస్తకం ఇచ్చే చెయ్యి, పుచ్చుకునే చెయ్యి. 'నిశ్శబ్దం' బోర్డు రాయించింది నేనే. ఈ ముప్పై ఏళ్లలో నేను ఎక్కువసార్లు పలికిన మాట 'ష్'. దాన్ని మాట అనొచ్చో లేదో తెలియదు.

కాబట్టి మొదటి కామెంట్ నేనే పెట్టాను, వేరే పేరుతో. ఔనంటూ రెండో పేరుతో ఇంకొకటి. కాదంటూ మూడో పేరుతో మరొకటి. ముగ్గురూ పది రోజులు కొట్టుకున్నారు. జన్మలో నాకు ఇంతమంది స్నేహితులు ఉండి ఎరగను!

"ఎవరితోనండీ ఫోన్లో అంత గొడవ?" అంది మా ఆవిడ.

"నాతోనే."

"అయితే త్వరగా రాజీపడండి. అన్నం చల్లారిపోతోంది."

రాజీ కుదరలేదు. మొత్తం ముప్పై ఎనిమిది కామెంట్లు. గడువు ఇంకా మూడు రోజులు.

ఇక్కడ నా రబ్బరు గురించి చెప్పాలి. తిరిగొచ్చిన ప్రతి పుస్తకాన్నీ పేజీ పేజీ తిప్పి, అంచుల్లో పెన్సిల్ రాతలుంటే చెరపడం నా నిత్యకృత్యం. లైబ్రరీ ఎదుట బట్టలు కుట్టే ఒకావిడ ఉంది. కొలతలు రాసుకునే పెన్సిల్‌తోనే నవల అంచున రాసేది: 'ఈ పిల్ల వాణ్ణి నమ్మకూడదు.' దానికింద ఇంకెవరిదో చేతిరాత: 'వాడు ఏడ్చాడు కదక్కా, చూళ్లేదా?' దానికింద మూడో చేతిరాత: 'ఏడ్చేవాళ్లనే అస్సలు నమ్మకూడదు.'

ముగ్గురినీ చెరిపాను. ఆవిడ మళ్లీ రాసింది. మళ్లీ చెరిపాను. ఆరోసారి, హాల్లో అందరి ముందూ, గొంతెత్తి ఆవిడ కార్డు రద్దు చేశాను. 'నిశ్శబ్దం' బోర్డు కిందే నిలబడి అరిచాను.

"మాట్లాడొద్దంటారు, రాయొద్దంటారు. చదివింది కడుపులో దాచుకుని ఎక్కడికి పోవాలి సారూ?" అంది ఆవిడ.

"ష్" అన్నాను.

పదకొండేళ్లయింది. ఆవిడ మళ్లీ మెట్లెక్కలేదు. కిటికీలోంచి కుట్టుమిషన్ చప్పుడు మాత్రం వినబడుతుంది. దాన్ని ఆపే బోర్డు నా దగ్గర లేదు.

గడువుకు మూడు రోజుల ముందు ఆ నవల తీసి, పేజీని కిటికీ వెలుగుకి ఏటవాలుగా పట్టుకున్నాను. అక్షరాలు లేవు గానీ పెన్సిల్ నొక్కిన గాడులున్నాయి. గట్టిగా నొక్కి రాసే మనిషి! చక్కగా చదవొచ్చు. ఫోటో తీసి లైబ్రరీ సోషల్ మీడియా పేజీలో పెట్టాను: 'ఇది రాసినవారు దయచేసి మళ్లీ రండి.'

సాయంత్రానికి నూట నలభై కామెంట్లు! ఆ పిల్ల వాణ్ణి నమ్మొచ్చా లేదా అని ఊరు రెండుగా చీలింది. నా ముగ్గురు స్నేహితుల్ని పలకరించినవాడే లేడు. వాటి మధ్యలో ఒకటి, కుట్టుమిషన్ ఫోటో పెట్టుకున్న ఖాతాది: 'రాసింది నేను. చెరిపింది మీరు. ఈసారి చెరపరని నమ్మకం ఏంటి సారూ?'

మర్నాడు అధికారి ఫోన్. "బ్రహ్మాండం! హాలు ఉంటుంది. కాకపోతే ఆ కుట్టుపనావిడ కామెంటుంది చూడండి, అది తీసేయండి. పరువు తక్కువ. తీసెయ్యడంలో మీకున్న అనుభవం ఎవరికుంది చెప్పండి!"

ప్రగతి అంటే ఇదీ! రబ్బరుతో ఒక్క పేజీ చెరిపేసరికి మణికట్టు పీకేది. అంత చేసినా గాడి మిగిలేది. ఇప్పుడు వేలితో ఒక్క నొక్కు చాలు, గాడి కూడా మిగలదు. కామెంట్ పెట్టమనేదీ వాళ్లే, తియ్యమనేదీ వాళ్లే. నేనొక్కణ్ణే ముప్పై ఏళ్లపాటు రెండో సగం పని మాత్రమే చేశాను.

వేలు 'డిలీట్' బటన్ మీదే ఉంది. ఫోన్లో అధికారి ఇంకా మాట్లాడుతూనే ఉన్నారు.

"ష్!" అన్నాను.

అటువైపు నిశ్శబ్దం. ముప్పై ఏళ్లలో ఆ మాట సరైన చోట పడింది అదే మొదటిసారి.

ఆ కామెంట్‌ను అలాగే ఉంచి, సొరుగులోంచి ఆవిడ పాత కార్డు తీసుకుని వీధి దాటాను. మిషన్ మీద పెట్టాను. ఆవిడ తిప్పి చూసి, చెవి మీది పెన్సిల్ తీసి, నా కళ్లెదుటే కార్డు మీద గట్టిగా నొక్కి రాసింది: 'చాలా ఆలస్యం.'

లైబ్రరీ కార్డు మీద రాతలు! నా చెయ్యి దానంతటదే జేబులోకి వెళ్లింది.

రబ్బరు ఉంది. బయటికి తియ్యలేదు.