బిల్లు లేని నాలుగు లక్షల కణాలు

కాబట్టి, అనుమతి లేకుండా పెరగడం నేరమేనేమో అని వజీరాకు కూడా అనిపించసాగింది. లోకంలోని సకల అస్తవ్యస్తానికీ మూలం అదే కావచ్చు.

2004 మార్చి. గుణదలలో ఒక పరిశోధనశాల. రోగనిరోధక కణం ఒంటిమీద ఒక రిసెప్టర్ ఉంటుంది. దాన్ని తాకితే చాలు, కణం చేస్తున్న పని ఆపి కూర్చుంటుంది. (సర్వీసులో చేరకుండానే అంత క్రమశిక్షణ.) ఆ రిసెప్టర్‌ను కప్పేసి కణం చేత పని చేయించే మానవ యాంటీబాడీ కావాలి. అక్కడి పరిశోధకురాలు వజీరా రెండేళ్లు వెతికితే, తొమ్మిది వందల కణాల్లో ఒక్కదాని సంతానం మాత్రమే దాన్ని తయారుచేసింది. ఆ సంతానమంతా ఇంక్యుబేటర్‌లో ఒకే సీసాలో ఉంది. ఇంకాస్త పెరిగితే గానీ గడ్డకట్టించి దాచడానికి లేదు.

అప్పుడు వార్షిక తనిఖీ వచ్చింది. నిబంధన పన్నెండు ప్రకారం తలుపున్నదల్లా బీరువా. బీరువాలో ఉన్నదల్లా స్టాకు. స్టాకన్నాక వరసగా రెండు రోజులు లెక్క ఒకేలా ఉండాలి.

“ఏమ్మా వజీరా, నిన్న రెండు లక్షల కణాలన్నావు. ఇవాళ నాలుగు లక్షలంటావేంటి?” అన్నారు స్టోర్స్ ఆఫీసర్ తిరుపతిరావు గారు.

“పెరుగుతాయండీ.”

“ఎవర్నడిగి?”

“కణాలు కదండీ, వాటంతటవే…”

“వాటంతటవే పెరగడానికి ఇదేమన్నా కంకిపాళ్లో మా పొలం గట్టా? బిల్లు చూపించు, లేదా నిన్నటి లెక్కకి దించు.”

“దించాలంటే చంపాలండీ.”

“ఆ ముక్క కాయితం మీద పెట్టకమ్మా. ఆడిటోళ్లు కంగారుపడతారు.”

లెక్కలు కలిసేదాకా అని ఆయన ఇంక్యుబేటర్ తలుపుకి చీటీ అంటించి, లక్కముద్ర వేసి, టీ తాగి వెళ్లారు. లెక్కలు తప్పక కలుస్తాయి. చచ్చిన కణాలు పెరగవు.

మూడో రోజుకి, తలుపు అద్దంలోంచి చూస్తే, సీసాలోని గులాబీ ద్రవం పసుపుకి తిరిగింది. లోపల తిండి అయిపోయింది. సాయంత్రం దాటితే ఏమీ మిగలదు. వజీరా అర్జీ పెట్టింది. జవాబు గంటలోనే వచ్చింది (సంస్థ చరిత్రలో రికార్డు): తనిఖీలో ఉన్న స్టాకుకు భోజన సదుపాయం లేదు.

చీటీ మామూలు కాయితమే. గోటికి చిరుగుతుంది. అయినా చెయ్యి లేవలేదు. భయమా అని తనని తాను అడిగి చూసింది. భయం కాదు, దానికంటే పాతది. ఎవరూ తాకకుండానే లోపల ఏదో ఆగిపోతోంది. రెండేళ్లు మైక్రోస్కోపు మీద వంగి కప్పేయాలని చూసిన ఆ రిసెప్టర్ కోసం అంత దూరం పోనక్కర్లేదేమో.

నాలుగున్నరకి చీటీ చించింది. తలుపు తెరిచి, సీసా మీద చెయ్యి వేయబోతూ ఆగి, ఎవరూ లేని ఆ గదిలో, “మే ఐ కమిన్ సార్?” అని అడిగింది.