బండికి రెండే కుక్కలు

ఆ రోజు పొద్దున వెండెల్ వేసుకున్న పథకంలో లోపమేమీ లేదు. ఎండ ఎక్కకముందే ముసలి డీకన్‌నీ, బొచ్చు మేబెల్‌నీ వెంటబెట్టుకుని పార్కులో ఒక చిన్న చుట్టు తిరిగి రావాలి. ఆ కాసేపూ టర్నిప్ బండిలోని స్నానాలగదిలో నోరు మూసుకుని కూర్చోవాలి. సాయంత్రం టర్నిప్ వంతు, అప్పుడు డీకన్ లోపల ఉంటాడు. మేబెల్ రెండు పూటలా వస్తుంది. ఎవరు ఎప్పుడు చూసినా ఒక బీగిల్, ఒక బొచ్చుకుక్క మాత్రమే కనిపించాలి. ఎందుకంటే ఇల్లులాంటి బండ్లు నిలుపుకుని ఉండే ఆ పార్కు గేటు దగ్గర, బండికి రెండే కుక్కలని బోర్డు పెట్టారు, వెండెల్ బండిలో ఉన్నవి మూడు.

వెండెల్, ఆర్లిస్ మినెసోటాలో ఇల్లు అమ్మేసి, పడకా వంటగదీ ఉన్న బస్సంత ఆర్వీ బండి ఒకటి కొనుక్కుని, మూడు కుక్కల్నీ ఎక్కించుకుని దేశం మీద పడ్డ దంపతులు. చలికాలం వస్తే వాళ్ళ ఊళ్ళో సగం మంది ఆరిజోనా ఎడారికి దిగిపోతారు, వీళ్ళూ అంతే. ఆర్లిస్ ముప్పయ్యేళ్ళపాటు బడిపిల్లలకి వండి వడ్డించిన మనిషి. రిటైరైన రోజున గరిటె కడిగి బోర్లించి, ఇక కాఫీ నీళ్ళ గిన్నెకంటే పెద్దది పొయ్యి మీద పెట్టనని ఒట్టేసుకుంది. రోడ్డు మీదే బతుకుదామని వెండెల్ అడిగినప్పుడు ఆమె పెట్టిన షరతు కూడా అదొక్కటే. అప్పటినుంచీ ఇద్దరూ వెండెల్ చేసే శాండ్‌విచ్‌లు తిని బతుకుతున్నారు. బాగుంటాయని ఎవరూ అనరు, ఎవరూ వంక పెట్టరు.

అంతా సాఫీగా పోతుండగా దారిలో డీకన్ తుంటి ఎముక పాడైంది. దగ్గర్లోని ఊళ్ళో డాక్టరమ్మ ఆపరేషన్ చేసి, "కుట్లు మానతాయిగానీ ఎముక కుదురుకోడానికి టైం పడుతుంది. ఈ చలికాలం వీణ్ణి బండిలో వేసి కుదిపారంటే మళ్ళీ నడవడు, ముందే చెప్తున్నా" అంది. ఆ ఊరి చుట్టుపక్కల ఖాళీ ఉన్న పార్కు ఇదొక్కటే. గేటు దగ్గర మేనేజరు బెర్నదీన్ గారు "కుక్కలెన్ని?" అని అడిగితే వెండెల్ నిజం చెప్పబోయాడు. అతనికి అబద్ధం ఆడటం చేతకాదు, ప్రయత్నిస్తే చెవులు ఎర్రబడతాయి. ఆర్లిస్ అతని కాలు గట్టిగా తొక్కి "రెండండీ" అంది. ఆమె చెవులు ఏ రంగూ మారలేదు.

వాళ్ళ అదృష్టంకొద్దీ టర్నిప్ డీకన్ కొడుకే, అచ్చుగుద్దినట్టు తండ్రి పోలిక. బీగిల్ మూతి కుర్రవయసులోనూ తెల్లగానే ఉంటుంది కాబట్టి దూరానికి తండ్రి వయసు తెలియదు. ఇద్దరికీ ఒకే రకం ఎర్ర పట్టీ కట్టారు. తేడా ఒక్కటే, తండ్రి వెనకకాలు ఈడుస్తాడు, కొడుక్కి పరుగు తప్ప నడక రాదు.

ఆ పొద్దున వెండెల్ చుట్టు ముగించుకుని బండి దగ్గరికి వచ్చేసరికి పక్క బండి గెయిలెన్ మడతకుర్చీలో కూర్చుని కాఫీ తాగుతున్నాడు. నెబ్రాస్కా పశువుల సంతలో గొంతెత్తి వేలం వేసి వేసి రిటైరైనవాడు. మోకాలు అరిగిపోయి కర్ర లేనిదే కదల్లేడుగానీ గొంతు మాత్రం చెక్కుచెదరలేదు.

"మీవాడు ఇంకా కాలు ఈడుస్తూనే ఉన్నాడే" అన్నాడు.

"ఈడుస్తున్నాడు పాపం" అన్నాడు వెండెల్. అది నిజమే కాబట్టి హాయిగా అన్నాడు.

మేబెల్‌ని ముందు ఎక్కించి, డీకన్‌ని ఎత్తి లోపల ఆర్లిస్ చేతికి అందించాడు. సరిగ్గా అప్పుడే స్నానాలగది తలుపు గడియ ఊడింది. బయట తుప్పల్లో ఒక కుందేలు కూర్చుని ఉంది. టర్నిప్ వెండెల్ కాళ్ళ మధ్యనుంచి దూసుకొచ్చి, గెయిలెన్ బల్ల మీదుగా, కాఫీ కప్పు మీదుగా ఒక్క గెంతు గెంతి, కుందేలును పార్కు చివరిదాకా తరిమి, అక్కడినుంచి అంతే జోరుగా తిరిగొచ్చి వెండెల్ కాళ్ళ దగ్గర నాలుక వేలాడేసుకుని నిలబడ్డాడు. ఈలోగా ఆర్లిస్ లోపలినుంచి తలుపు వేసేసింది.

గెయిలెన్ కప్పు కింద పెట్టాడు. "ఇప్పుడే కదయ్యా కాలు ఈడ్చింది?"

"అవును."

"ఇప్పుడే కదయ్యా నా బల్ల దూకింది?"

"అవును."

"లోపలికి తీసుకెళ్ళి ఏం పెట్టారు?"

వెండెల్ చెవులు ఎర్రబడ్డాయి. ఏదో ఒకటి చెప్పి తీరాలి. గెయిలెన్ బల్ల మీద నిన్నటి విందు తాలూకు బొమికలు ఒక పళ్ళెంలో ఉన్నాయి. "బొమికల చారు" అన్నాడు. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. "ఆర్లిస్ కాస్తుంది" అని కూడా అన్నాడు.

లోపలికి వచ్చాక ఆర్లిస్ నడుం మీద చేతులు వేసుకుని నిలబడింది. "నేనేం కాస్తానూ?"

"నోటికి అదే వచ్చింది."

"మాత్ర అనొచ్చుగా. మందు అనొచ్చుగా."

"తట్టలేదు."

"ఇన్నేళ్ళు నాతో కాపురం చేసి ఒక్క అబద్ధం ఆడటం నేర్చుకోలేదు. ఇవాళ నేర్చుకున్నావు, తీసుకెళ్ళి నన్ను పొయ్యి ముందు నిలబెట్టావు."

ఆమె మాట పూర్తికాకముందే తలుపు చప్పుడైంది. గెయిలెన్ ఒక చేత్తో కర్ర, ఇంకో చేత్తో ఖాళీ కప్పు పట్టుకుని మెట్టు కింద నిలబడి ఉన్నాడు. "ఒక్క గుక్క చాలమ్మా ఆర్లిస్. కుక్క తుంటికి పనిచేసింది నా మోకాలికి పనిచేయదా?"

కాదంటే గెయిలెన్ లోపలికి తొంగిచూస్తాడు, అక్కడ డీకన్ పరుపు మీద పడుకుని ఉన్నాడు. ఆర్లిస్ మొగుడి వైపు ఒక్క చూపు చూసి, "చారు మళ్ళీ కాగుతోంది, సాయంత్రం రండి" అంది. అల్మారా అడుగునుంచి ఉన్నవాటిలో పెద్ద గిన్నె తీసింది. వెండెల్‌ని బొమికలకి పరిగెత్తించింది.

గెయిలెన్ ఆ సాయంత్రం రెండు కప్పులు తాగాడు. చారు నిజంగానే బాగుంది, అది ఆర్లిస్ తప్పు కాదు. ముప్పయ్యేళ్ళ వంట అలవాటు ఎక్కడికి పోతుంది? మర్నాడు లేచి మోకాలు చాచి చూసుకున్నాడు. తేలిగ్గా అనిపించింది. తేలిగ్గా అనిపించిన సంగతి అతను మామూలు గొంతుతో చెప్పినా పార్కు ఆ చివరికి వినిపిస్తుంది, అతను మామూలు గొంతుతో చెప్పలేదు.

పొద్దెక్కేసరికి బండి ముందు వరస కట్టారు. పికిల్‌బాల్ ఆడే ఆడవాళ్ళు భుజాల నొప్పులకి వచ్చారు. నడుం పట్టేసిన మగవాళ్ళు మగ్గులతో వచ్చారు. కుక్కల్ని చంకనెత్తుకుని వచ్చినవాళ్ళు కొందరు, కుక్క పేరు చెప్పి తాము తాగి వెళ్ళినవాళ్ళు ఇంకొందరు. ఒకావిడ తన చిలక్కి ఈకలు రాలుతున్నాయని ఒక చెంచాడు పట్టుకెళ్ళింది. ఆర్లిస్ గిన్నె దించడం, మళ్ళీ ఎక్కించడం. వెండెల్ ఉల్లిపాయలు తరుగుతూ ఏడుస్తున్నాడు, ఉల్లిపాయల వల్లే అని అందరితో చెప్పాడు. ఇంత రద్దీలో కుక్కల వంతులు మార్చడం గండంగా తయారైంది. టర్నిప్‌ని బయటికి తెస్తే "అదిగో లేచి తిరిగే అద్భుతం" అని అందరూ మూగుతున్నారు. డీకన్‌ని తెస్తే "అయ్యో, చారు మానేశారా?" అని నిలదీస్తున్నారు.

మూడోనాడు గోల్ఫు బండి వచ్చి వాళ్ళ ముందు ఆగింది. బెర్నదీన్ గారు దిగారు. నవ్వడం వల్ల పార్కు క్రమశిక్షణ చెడుతుందని నమ్మే మనిషి ఆవిడ.

"మీ కుక్క విషయం నాకు తెలిసింది" అన్నారు.

వెండెల్ చేతిలోని ఉల్లిపాయ జారి కింద పడింది. ఆర్లిస్ కూడా ఈసారి తడబడింది. "మేం చెబుదామనే..."

"దాచుకోవాల్సిన విషయం కాదది. మా కుక్క ఓటో నెలరోజులుగా మెట్టెక్కడం మానేశాడు. పడుకున్నచోటే పడుకుంటున్నాడు." ఆవిడ కళ్ళద్దాలు సర్దుకున్నారు. "రేపు శనివారం మధ్యాహ్నం క్లబ్ హౌస్‌లో పాట్‌లక్ ఉంది, తలా ఒక వంటకం తెచ్చుకునే విందు. మీవాణ్ణి తీసుకురండి. మొదట వాడు కాలు ఈడ్చడం అందరూ చూస్తారు. మీరు చారు పట్టండి. తర్వాత గంతులు వేయడం చూస్తారు. పనిచేసే మందయితే పార్కంతటికీ పెడదాం, బూటకమైతే ఇవాళే చెప్పండి."

ఆర్లిస్ ఓటోకని ఒక డబ్బాడు చారు ఆవిడకిచ్చి పంపింది. ఆవిడ వెళ్ళాక కింద కూర్చుని డీకన్ తల ఒళ్ళో పెట్టుకుంది. వెండెల్ పక్కనే చతికిలబడ్డాడు. డీకన్ చిన్న కూనగా ఉన్నప్పుడు వెండెల్ కోటు జేబులో నిద్రపోయేవాడు. ఇప్పుడు కళ్ళు మసకబారినా, బండి స్టార్ట్ చేస్తే చాలు, ముందు సీటు దగ్గరికి వచ్చి కూర్చుంటాడు. వాడిని మళ్ళీ నడవలేకుండా చేసే ప్రయాణం ఇద్దరూ చేయలేరు.

"నిజం చెప్పేద్దాం" అన్నాడు వెండెల్.

"చెప్పి ఎక్కడికి పోదాం? చెప్పు, ఎక్కడికి పోదాం?" ఆర్లిస్ డీకన్ చెవులు సవరిస్తూ అంది. "వీడు రేపు కాలు ఈడుస్తాడు. చారు పట్టడానికని అక్కడి వంటగదిలోకి తీసుకెళ్దాం. అక్కడ రెండోవాడు ఉంటాడు. అంతే. ఒక్కరోజు నీ చెవులకి టోపీ పెట్టు."

శనివారం మధ్యాహ్నం క్లబ్ హౌస్ నిండిపోయింది. బల్లల మీద ఓవెన్‌లో కాల్చిన టూనా చేప హాట్‌డిష్‌లు, వణుకుతున్న ఆకుపచ్చ జెల్లీలు, ఎవరూ తెచ్చామని ఒప్పుకోని బీన్స్ గిన్నె. చెవులమీదికి ఉన్నిటోపీ లాగేసుకున్న వెండెల్‌ని చూసి ఎడారి ఎండలో ఇదేమిటని కొందరు అడిగారు. గెయిలెన్ కర్ర లేకుండా లేచి నిలబడి వేలంపాట గొంతు ఎత్తుకున్నాడు.

"చూడండి బాబూ చూడండి, తుంటి చూడండి, నడక చూడండి! ఇప్పుడు ఈడుస్తున్నాడు, కాసేపట్లో దూకుతున్నాడు!"

డీకన్ కాలు ఈడ్చుకుంటూ గది మధ్యకి వచ్చాడు. జనం జాలిగా నిట్టూర్చారు. ఆర్లిస్ వాణ్ణి ఎత్తుకుని వంటగదిలోకి పోయి తలుపు వేసింది. కాసేపాగి తలుపు తెరుచుకుంది. టర్నిప్ బాణంలా వచ్చి, బల్ల చుట్టూ మూడు చుట్లు తిరిగి, కుర్చీ ఎక్కి, జెల్లీ ఒకటి నాకి, గెయిలెన్ మీదికి గెంతాడు. చప్పట్లు మోగాయి. బెర్నదీన్ గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

అన్ని బల్లలకీ దూరంగా వంటగదిలో ఒంటరిగా కూర్చోడం డీకన్‌కి నచ్చలేదు. హాట్‌డిష్ వాసన వస్తోంది, కొడుకు అరుపు వినిపిస్తోంది. సరిగా పడని తలుపును మూతితో తోసుకుని, కాలు ఈడుస్తూ తాపీగా నడిచొచ్చి, చప్పట్ల మధ్యనుంచి టర్నిప్ పక్కన కూలబడ్డాడు.

చప్పట్లు ఆగిపోయాయి. ఒకే మూతి, ఒకే పట్టీ, ఒకే చెవులు. రెండు బీగిళ్ళు జనం వైపు చూశాయి, జనం వాటి వైపు చూశారు.

వెండెల్ టోపీ తీసేశాడు. "మాకు మూడు కుక్కలండీ" అన్నాడు. "వీడు తండ్రి, వీడు కొడుకు. వీడి కాలు బాగుపడలేదు, వాడి కాలు ఎప్పుడూ చెడలేదు. చారులో ఏ మహత్తూ లేదు, ఒట్టి ఉల్లిపాయలూ బొమికలూ. వీణ్ణి ఇప్పుడు రోడ్డెక్కిస్తే మళ్ళీ నడవడని డాక్టరమ్మ చెప్పింది, అందుకని దాచాం. తప్పు మాదే. కానీ వీణ్ణి కుదపలేం." ఆర్లిస్ వచ్చి అతని పక్కన నిలబడి, ఈసారి కాలు తొక్కకుండా చెయ్యి పట్టుకుంది.

గెయిలెన్ తన మోకాలి వైపు చూసుకున్నాడు.

"మహత్తు లేదంటే? మరి నేను కర్ర లేకుండా ఎలా నిలబడ్డాను?"

"నా భుజం?" అంది పికిల్‌బాల్ ఆవిడ.

"చిలక్కి ఈకలు వస్తున్నాయి!" అంది చిలక ఆవిడ.

"నాకు తెలిసిపోయింది" అన్నాడు గెయిలెన్ గొంతు పెంచి. "ఎలా కాస్తారో మనకి చెప్పడం ఇష్టం లేదు వీళ్ళకి. అందుకని ఎక్కడినుంచో అచ్చం అలాంటి కుక్కని అరువు తెచ్చి చారు ఉత్తదే అంటున్నారు. పశువుల సంతలో నలభయ్యేళ్ళు పనిచేశానమ్మా, ఇలాంటి ఎత్తులు బోలెడు చూశాను."

"కాదండీ, నిజంగా..." అన్నాడు వెండెల్. అతని చెవులు మామూలు రంగులోనే ఉన్నాయి. అతను నిజం చెబుతుంటే ఒక్కరూ నమ్మకపోవడం జీవితంలో ఇదే మొదటిసారి.

అందరూ బెర్నదీన్ గారి వైపు తిరిగారు. ఆవిడ లేచి నిలబడ్డారు. "రూలు రూలే. బండికి రెండు కుక్కలు. మూడోది ఉంటే రేపే ఖాళీ చేయాలి." ఆర్లిస్ చెయ్యి వెండెల్ చేతిలో బిగుసుకుంది. "ఓటో నిన్న మెట్టెక్కాడు" అన్నారు ఆవిడ, కాస్త నెమ్మదిగా. "మీరు పంపిన చారు తాగాకే. పార్కులో పనిచేసే సిబ్బందికి కుక్కల రూలు వర్తించదు. క్లబ్ హౌస్ వంటగదికి ఎన్నాళ్ళగానో మనిషి లేరు. ఆర్లిస్ గారూ, చలికాలమంతా రోజూ పెద్ద గిన్నెడు చారు కాస్తారా, రేపు పొద్దున బండి కదుపుతారా?"

ఆర్లిస్ వంటగది వైపు చూసింది. స్టవ్ మీద బడి వంటగదిలో ఉండేంత పెద్ద గిన్నె బోర్లించి ఉంది. ఆమె దానికేసి పాత శత్రువును చూసినట్టు చూసింది. తర్వాత డీకన్‌ని చూసింది. తర్వాత మొగుణ్ణి చాలాసేపు చూసింది, వెండెల్ తల వంచుకున్నాడు.

"ఉల్లిపాయలన్నీ ఈయనే తరుగుతాడు" అంది చివరికి. "బొమికలు కడిగేదీ, గిన్నెలు తోమేదీ కూడా."

వసంతం వచ్చేనాటికి ఆర్లిస్ వంటగదిలో గరిటె తిప్పుతూ పార్కు మొత్తాన్నీ బడిపిల్లల్లా వరసలో నిలబెడుతోంది. వెండెల్ చేతులకి ఉల్లివాసన పోవడం మానేసింది. డీకన్ నాలుగు కాళ్ళ మీదా చక్కగా నడుస్తున్నాడు, కొత్తగా వచ్చినవాళ్ళకి గెయిలెన్ వాణ్ణి చూపించి చారు మహిమ వర్ణించి చెబుతున్నాడు. పార్కులో ఇవాళ్టిదాకా ఆ చారు ఒక్క చుక్కయినా ముట్టని ప్రాణి డీకన్ ఒక్కడే.