కిటికీ పక్క కుర్చీ

ఆ శుక్రవారం ఉదయం ఖాతాల గుమస్తా వేసుకున్న పథకం చాలా చిన్నది. వేళకు ఆఫీసు చేరడం, మధ్యాహ్నం రికార్డు కీపరును చదరంగంలో చిత్తు చేయడం, సోమవారం నుంచి కిటికీ పక్కన కూర్చోవడం. పదకొండేళ్ళుగా అతని కుర్చీ బాత్రూం తలుపు పక్కనే. తలుపు చప్పుడును బట్టి లోపలికి వెళ్ళిందెవరో చెప్పగలిగే స్థితికి వచ్చాడు పాపం. కిటికీ పక్క పెద్దాయన రిటైరవుతున్నాడని తెలియగానే ఆ కుర్చీ కోసం గుమస్తా, రికార్డు కీపరు ఇద్దరూ పట్టుబట్టారు. ఆట గెలిచినవాడిదే కుర్చీ అని మేనేజరు తేల్చేశాడు.

గెలవడానికి గుమస్తా రెండు నెలలుగా ఆన్‌లైన్ చదరంగం పాఠాలకు ఫీజు కడుతున్నాడు. "ఈ వయసులో మీకు ట్యూషనా?" అని భార్య దులిపేస్తుందని భయపడి పదేళ్ళ కూతురి పేరు మీద చేరాడు. తీరా కెమెరాలో విద్యార్థి కనబడి తీరాలన్నాడు మాస్టారు. దాంతో పాప కుర్చీలోనూ, తండ్రి దుప్పటి కప్పిన బల్ల కిందా కూర్చోవాల్సి వచ్చింది. మాస్టారు అడిగినదానికి అతను కింది నుంచి గుసగుసగా జవాబిస్తే, పాప పైన బోర్డు మీద ఆ ఎత్తు వేసేది.

మొదట్లో అన్నీ తప్పులే. ఈమధ్య మాత్రం మాస్టారు రోజూ "శభాష్!" అంటున్నాడు. ఆ శభాష్‌లన్నీ తనకేనని గుమస్తా తెగ పొంగిపోయాడు. వంటింట్లోంచి విన్న భార్య ఇంకా పొంగిపోయి, అతనికి చెప్పకుండా మేనేజరుకే ఫోన్ చేసి పాప ఆట గురించి గొప్పగా చెప్పింది.

మధ్యాహ్నం బోర్డు పరిచేసరికి గుమ్మంలో తల్లీకూతుళ్ళు ప్రత్యక్షమయ్యారు.

"ఏమయ్యా, ఇంత తెలివైన పిల్లను దాచిపెట్టావా? నీ బదులు పాపే ఆడుతుందిలే!" అన్నాడు మేనేజరు.

గుమస్తా గబుక్కున అడ్డొచ్చాడు. "చిన్నపిల్లండీ, దానికేం తెలుసు?" అన్నాడు.

"అదేంటండీ, రెండు నెలలుగా ఫీజు కట్టేది ఎందుకూ?" అంది భార్య.

ఆ ప్రశ్నకు నిజం తప్ప వేరే జవాబు లేదు. అందుకని గుమస్తా బోర్డు ముందు నుంచి లేచి పాపకు చోటిచ్చాడు. కిటికీ కుర్చీ వైపు కడసారిగా ఓ చూపు చూసి గోడకు చేరగిలబడ్డాడు.

పాప ఇరవై ఎత్తుల్లో రికార్డు కీపరు రాజును కట్టేసింది.

గుమస్తా గెంతినంత పని చేశాడు. "కుర్చీ నాదే!"

"ఆగు గురూ, నన్ను గెలిచింది పాప. కుర్చీ పాపది. నీక్కావాలంటే పాపను గెలువు," అన్నాడు రికార్డు కీపరు.

న్యాయమేనన్నాడు మేనేజరు. కన్నకూతురే కదా అని గుమస్తా ధీమాగా కూర్చున్నాడు. మూడో ఎత్తుకు గుర్రం పోయింది, ఏడో ఎత్తుకు మంత్రి. పదకొండో ఎత్తుకు ఆట ముగిసింది.

"ఎప్పుడు నేర్చుకున్నావే ఇదంతా?" అన్నాడు నీరసంగా.

"నువ్వు చెప్పేవి తప్పని మాస్టారు రోజూ తిడుతుంటే నేనే ఎత్తులు మార్చి వేయడం మొదలెట్టా. నువ్వు బల్ల కింద ఉన్నావు కదా నాన్నా, బోర్డేమో బల్ల మీదుంది."



"బల్ల కింద మీకేం పనండీ?" అంది భార్య నెమ్మదిగా. ఆ నెమ్మది గుమస్తాకు బాగా తెలుసు. ఇంటికెళ్ళాక ఉంటుంది అసలు పాఠం.

ఇంతకీ కుర్చీ ఎవరికిస్తావని మేనేజరు అడిగితే పాప రికార్డు కీపరు వైపు వేలు చూపించింది. "ఈ అంకుల్‌కే. ఆయన ఇరవై ఎత్తులు నిలబడ్డారు. నాన్న పదకొండే."

సోమవారం గుమస్తా బాత్రూం తలుపు పక్కనే కూర్చుని పాఠాలకు మరో రెండు నెలల ఫీజు కట్టాడు. ఈసారీ ఫారంలో విద్యార్థి పేరు దగ్గర పాప పేరే రాశాడు, కానీ అబద్ధం రాయాల్సిన అవసరం రాలేదు.