బోణీ కాని క్లాసు

ఆ సోమవారం పొద్దున్న వాసవీకుమారి వేసుకున్న పథకం చాలా చిన్నది. మేడమీద గదిలో కోడలు తాగేసిన కాఫీ గ్లాసు తెచ్చుకోవాలి, డాబామీద ఎండబెట్టిన అప్పడాలు తిరగెయ్యాలి. అంతే. కానీ గ్లాసు కోసం వెళ్ళిన మనిషి గుమ్మంలోనే ఆగిపోయింది. లోపల కోడలు కీర్తి కంప్యూటరు ముందు కూర్చుని ఎవరినో బతిమాలుతోంది.

"ఎవరైనా చెప్పండి. తప్పయినా పరవాలేదు. ఒక్కరు, ఒక్క మాట. నేను వినిపిస్తున్నానా అసలు?"

తెరమీద పదకొండు నల్లటి గళ్ళున్నాయి. గడికో పేరుంది గానీ ఒక్క ముఖమూ లేదు. కాసేపటికి పదకొండు గళ్ళలోనూ ఒకేసారి బొటనవేలి బొమ్మలు లేచాయి, ఒకేసారి పడుకున్నాయి. క్లాసు అయిపోయింది.

"ఎవరమ్మా ఆళ్ళు? నోట్లో ఏటి పెట్టుకున్నారు?" అంది వాసవీకుమారి.

"స్టూడెంట్లు అత్తయ్యా. వీడియో పాఠాలు మాత్రం ఒక్కటీ ఒదలకుండా సూసేస్తారు. క్లాసులో నోరిప్పరు. శుక్రవారం విశాఖ ఆఫీసు నుంచి మా పై అధికారి దివ్యశ్రీ మేడం మా క్లాసులో కూకుంటారు. అప్పుడూ ఇలాగే ఉంటే నా ఉద్యోగం ఎల్లిపోయినట్టే."

కీర్తి చెప్పేది చిల్లర వ్యాపారుల కోసం విశాఖలో ఒక కంపెనీ తెలుగులో పెట్టిన ఆన్‌లైన్ కోర్సు. వీడియో పాఠాలు ఎవరి తీరికను బట్టి వాళ్ళు చూసుకోవచ్చు; ఆపుకోవచ్చు, వెనక్కి తిప్పుకోవచ్చు. పొద్దున్నే మాత్రం అందరూ ఒకచోట చేరి టీచరుతోనూ తమలో తామూ మాట్లాడుకోవాలి. చూడడమూ మాట్లాడడమూ రెండూ జరిగితేనే చదువు అని కంపెనీవారి సిద్ధాంతం. కీర్తి ఎంకాం చదివి, పెళ్ళయి ఒడిశాలోని ఈ బరంపురం వచ్చాక దొరికిన మొదటి ఉద్యోగం ఇది. ఇంకా ఖాయం కాలేదు.

ఉద్యోగంతో పాటు గది కూడా పోతుంది. ఆ గది అసలు చింతపండుది. మామగారు తాతారావు బడాబజారులో పేరున్న హోల్‌సేల్ వర్తకుడు; ఇంటి కిందే కొట్టు. కోడలి కోసం బస్తాలు కిందికి దింపించి వసారాలో వేయించాడు, ఒక షరతు మీద. "ఉద్యోగం కాయమైతే గది నీది తల్లీ. కాకపోతే సింతపండుది." ఇంట్లో తనదంటూ ఉన్న తలుపు అదొక్కటే కాబట్టి కీర్తికి ఆ మాట రోజూ గుర్తొస్తుంది. గోడలకి పట్టిన పులుపు వాసన కూడా గుర్తుచేస్తుంటుంది.

వాసవీకుమారి జబ్బేమిటో తేల్చేసింది.

"నీ క్లాసుకి బోణీ అవనేదమ్మా."

నవ్వకండి. బడాబజారులో కొత్త కొట్టు తెరిస్తే ముందు పిలిచేది వాసవీకుమారినే. ఆవిడ చెయ్యి మంచిదని పేరు. వచ్చి, ఏదో ఒకటి కొని, బేరమాడకుండా, వెనక్కి తిరిగి చూడకుండా ఇంటికి వచ్చేస్తుంది. ఆవిడ చేతి బోణీ అయిన కొట్టు ఇంతవరకూ మూతపడలేదు. అలాంటి చెయ్యి ఇంట్లో పెట్టుకుని కోడలు ఖాళీ కొట్టు నడపడమేమిటి?

మర్నాడు ఆవిడ భర్త ఫోను లాక్కుని క్లాసులోకి వెళ్ళింది. కీర్తి యథాప్రకారం "ప్రశ్నలేమైనా ఉన్నాయా?" అని గాలిని అడగగానే, గాలి జవాబిచ్చింది.

"అన్ని డబ్బాల మూతలూ ఇప్పించి, సరుకంతా సూసి, ఏటీ కొనకుండా ఎల్లిపోయేవోళ్ళని ఏటి సెయ్యాలి?"

కీర్తి ఉలిక్కిపడి, తేరుకుని, ఆనందంతో జవాబు మొదలుపెట్టే లోపల వాసవీకుమారి ఫోను కట్టేసి వెళ్ళిపోయింది. బోణీ అయ్యాక నిలబడకూడదు. పదకొండు బొటనవేళ్ళు మాత్రం లేచాయి, పడుకున్నాయి.

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఈ సంగతి విని తాతారావు మజ్జిగ గ్లాసు దించాడు. "అందరూ ఒకేపాలి ఒచ్చి, ఒకేపాలి ఎల్లిపోతన్నారా? బేరమాడరు, గొణగరు, ఎదురు సెప్పరు. అయితే ఆళ్ళు కొనేవోళ్ళు కాదమ్మా. ముప్పయ్యేళ్ళుగా గద్దెమీద కూకున్నాను, నాకు తెల్దేటి?"

వర్తకుడి మాటని ఇంట్లో ఎవరు లెక్కచేస్తారు? ఎవరూ చెయ్యలేదు.

బోణీ అయినా జనం రాలేదని వాసవీకుమారికి పట్టుదల పెరిగింది. గురువారం భర్తతో అంది, "ఏటండీ, ఆ క్లాసు లింకు పొడంపేట కూర్మమ్మకి పంపండి. అది నోరిప్పితే ఇంక ఎవరూ మూసుకోలేరు." కూర్మమ్మ పొడంపేటలో చిన్న కిరాణా కొట్టు నడుపుతుంది, సరుకు తాతారావు దగ్గరే తీసుకుంటుంది. సలహా మంచిదే. చిక్కల్లా తాతారావు ఫోనుతో. ఆయనకి ఫోనులో తెలిసిన విద్య ఒక్కటే: రోజూ పొద్దున్నే సరుకుల రేట్లు కొట్టి, ఛత్రపురం నుంచి గిరిసోల దాకా ఉన్న చిల్లర వర్తకులందరికీ ఒకే దెబ్బకి పంపడం. ఒక్కరికి పంపడం ఆయనకి రాదు.

శుక్రవారం పొద్దున్న రేట్లు వెళ్ళాయి. చింతపండు ఇంత, ధనియాలు ఇంత, ఎండుమిర్చి బజారు ఎగుడుదిగుడుగా ఉంది కాబట్టి తర్వాత చెప్తాను. దాని కిందే క్లాసు లింకు. మిర్చి రేటు చెప్పేది అక్కడేనని ఊళ్ళన్నీ అనుకున్నాయంటే తప్పు ఊళ్ళది కాదు.

పదకొండు నల్లగళ్ళ మధ్య దివ్యశ్రీ మేడం గడి కూడా వెలిగింది. కీర్తి నమస్కారం పెట్టి, గొంతు తడుపుకుని "ఈరోజు మనం..." అందో లేదో, తెర మీద ముఖాలు పుట్టగొడుగుల్లా మొలిచాయి.

"సావుకారుబాబూ! మిరగాయ రేటు బేగి సెప్పు, కొట్టుకాడ ఎవులూ నేరు!" ఇది కూర్మమ్మ. వెనకాల సముద్రం హోరు.

"ముందు నాకు సెప్పండి, బండి ఒచ్చే టైమయినాది!" ఇది గిరిసోల స్టేషను పక్క కొట్టు పైడన్న.

"ఇది క్లాసండీ," అంది కీర్తి నీరసంగా.

"క్లాసైతే ఏటమ్మా? క్లాసులో రేటు సెప్పకూడదా?"

పారిపోదామనుకుంది కీర్తి. కానీ మేడం చూస్తోంది, వసారాలో చింతపండు కూడా చూస్తోంది. గుండె గట్టిచేసుకుని అంది, "రేటు నేను చెప్పను. ఎందుకు పెరిగిందో మీరే చెప్పండి."

అంతే. "గుంటూరు సైడు ఒర్షాలమ్మా," అన్నాడు పైడన్న. "ఒర్షమూ కాదు, ఎండా కాదు. సావుకారు గోదాముకి తాళం!" అంది కూర్మమ్మ. ఛత్రపురం నుంచి ఒకాయన "హఉ హఉ, ఠిక్ కహిలే!" అని ఒడియాలో వత్తాసు పలికాడు. కింద కొట్లో తన గోదాము మాట ఎవరి ఫోనులోంచో వినబడి తాతారావు కూడా క్లాసులోకి దూకాడు. "ఏటే కూర్మమ్మా, నా గోదాము ఊసు నీకెందుకు?" తర్వాత గంటసేపు కీర్తికి మాట్లాడే సందు దొరకలేదు. ఏ టీచరైనా కలగనే రోజది.

క్లాసయ్యాక దివ్యశ్రీ ఒక్కతే మిగిలింది. గొంతు ఎందుకో బెదురుగా ఉంది. "మాట్లాడడం అద్భుతంగా ఉంది కీర్తీ. కానీ వీళ్ళెవరూ ఒక్క వీడియో చూడలేదు. నీ పాతవాళ్ళు చూస్తారు, మాట్లాడరు. ఈ కొత్తవాళ్ళు మాట్లాడతారు, చూడరు. రెండూ ఒక మనిషే చెయ్యాలి కదా? సోమవారం దాకా ఆగుతాను."

కీర్తి ఏడుపు ముఖంతో కిందికొచ్చింది. తాతారావు ఇంకా కోపంతో ఊగుతున్నాడు. వాసవీకుమారి ఇద్దరినీ చూసి, మొగుడి చేతికి ఫోనిచ్చి, కీర్తి చేత అందులో పాఠాల లింకు పెట్టించి, దాని కింద రాయమంది: పాఠాలు చూసినవాళ్ళకే సోమవారం మిర్చి రేటు చెప్పబడును.

శనాదివారాల్లో గంజాం జిల్లాలో అంత చదువు ఎప్పుడూ జరిగి ఉండదు. కూర్మమ్మ ఫోనుని ఉప్పు బస్తా మీద నిలబెట్టింది. బేరం వస్తే పాఠం ఆపింది, బేరం పోతే మొదటినుంచి పెట్టింది. అందువల్ల మూడో పాఠం ఆవిడకి కంఠతా వచ్చేసింది. పైడన్న రైలు రైలుకీ మధ్య చూశాడు. అర్థంకాని చోట వెనక్కి తిప్పాడు, అర్థమైన చోట కూడా తిప్పాడు, ఎందుకంటే అక్కడ తన సావుకారు గుర్తొచ్చాడు.

సోమవారం క్లాసులో కూర్మమ్మే మొదట చెయ్యెత్తింది.

"అమ్మా, మూడో పాటంలో ఏటి సెప్పినారు? కాటా కొనేవోడికి కనపడేలాగ పెట్టాలన్నారు. మా సావుకారు కాటా గోడవైపు తిరిగి ఉంటాది. ఎందుకూ?"

"ఎండ పడతాదని!" కింద కొట్లోంచి తాతారావు అరిచాడు.

"కొట్లో ఎండెక్కడిది బాబూ?"

"నాలుగు కొట్లకాడ రేటు కనుక్కుని కొనమన్నారు కదండీ," అన్నాడు పైడన్న తాపీగా. "నేను ఇచ్ఛాపురంలో కనుక్కున్నాను. అక్కడే నయం."

క్లాసంతా గొల్లున నవ్వింది. ఇన్నేళ్ళుగా తలొంచుకుని సరుకు మోసుకెళ్ళినవాళ్ళు ఒక్కొక్కరే పాఠం నంబరు చెప్పి మరీ నిలదీస్తున్నారు. సొంత కోడలు, సొంత ఇంట్లో, సొంత కరెంటుతో తన ఖాతాదారులకి తనమీదే చదువు చెప్తోందని తాతారావుకి అప్పుడు తెలిసింది. వసారాలోంచి ఒక చింతపండు బస్తా భుజానికెత్తుకుని, రొప్పుతూ మెట్లెక్కి, తిన్నగా కెమెరా ముందుకొచ్చి నిలబడ్డాడు.

"సాలు! క్లాసు మూసీ! గది సింతపండుది!"

కీర్తి లేచి నిలబడింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మావయ్యగారూ, ఇంకొక్క పది నిమిషాలు..."

"అంకుల్, ఆగండి," అంది దివ్యశ్రీ. మొదటిసారి కెమెరా పెట్టింది. కీర్తి వయసుదే, కళ్ళు వాచి ఉన్నాయి. "తప్పంతా నాది. ఆ పదకొండు మంది స్టూడెంట్లు కారు. మా ఆఫీసువాళ్ళు. అందులో నలుగురు నేనే. ఈ బ్యాచిలో ఒక్కరూ చేరలేదు. మూసేస్తే నా ఉద్యోగం పోతుందని పేర్లు నింపాను. వీడియోలు వాటంతట అవే ఆడుతుండేవి. కీర్తీ, నువ్వు రోజూ బతిమాలుతుంటే నేను మైకు కట్టేసుకుని ఏడ్చేదాన్ని."

"ఇన్నాళ్ళూ నేను ఖాళీ కొట్టుకి పాఠం చెప్పానా?" అంది కీర్తి. ఆ మాటకి కూర్మమ్మ కూడా బేరం వదిలేసి ఫోను దగ్గరికి జరిగింది.

తాతారావు ముఖం మాత్రం, బస్తా బరువులోనూ, వెలిగిపోయింది. "నే సెప్పనేదా, బేరమాడనోడు కొనేవోడు కాడని? సొంతోళ్ళని కొట్టుముందు నిలబెట్టి జనాన్ని సూపించినారన్నమాట! బాగా సేసినావమ్మా. మా నాన్నగారూ ఇలాగే సేసీవోరు."

దివ్యశ్రీ ముక్కు తుడుచుకుంది. "కానీ ఈరోజు చూసినవాళ్ళూ మాట్లాడినవాళ్ళూ ఒక్కరే. వీళ్ళు నిజంగా చేరితే బ్యాచి నిలుస్తుంది, కీర్తి ఉద్యోగం ఖాయం. నా సంగతి పైవాళ్ళకి నేనే చెప్పుకుంటాను."

"సేరతాం," అంది కూర్మమ్మ. "గాని కాటా ఇటు తిప్పమను."

"తిప్పాల!" అన్నాయి ఊళ్ళన్నీ.

తాతారావు తెరవైపు చూశాడు, కోడలివైపు చూశాడు, చివరికి గుమ్మంలో నిలబడ్డ భార్యవైపు చూశాడు. వాసవీకుమారి చేతిలో అప్పడాల కర్ర ఉంది. ఊరికే ఉంది.

"నా సేతి బోణీ అయిన కొట్టు మూతపడనేదు," అందావిడ నెమ్మదిగా. "ఇది మూతపడితే రేపణ్ణుంచి వంటిల్లు కూడా మూతే."

"అది కాదే... మరి ఈ బస్తా ఎక్కడ పెట్టను?"

"ఎల్లి కాటామీద పెట్టండి. ఇటు తిప్పి."

తాతారావు తిప్పాడు. కీర్తి ఉద్యోగం ఖాయమైంది, గదికి కొత్త తాళం వచ్చింది, పులుపు వాసన ఉండిపోయింది. దివ్యశ్రీని పైవాళ్ళు తిట్టారు గానీ తీసెయ్యలేదు. తిట్టడానికి కూర్చున్నవాళ్ళు కూర్మమ్మ క్లాసు రికార్డింగు చూస్తూ తిట్టాల్సింది మరిచిపోయారట. అప్పట్నుంచి కంపెనీ ఏ కొత్త బ్యాచి తెరిచినా మొదటి ప్రశ్న అడగడానికి వాసవీకుమారిని పిలుస్తోంది. ఆవిడ అడుగుతుంది, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోతుంది.

ఇంతవరకూ ఒక్క జవాబూ వినలేదు.