రెడ్డెమ్మ అనే ఆవాసం

సోమవారం పొద్దున తొమ్మిదిన్నరకు తుమ్మకోన అటవీ రేంజి ఆఫీసులో రికార్డు అసిస్టెంటు రెడ్డెమ్మ ఎడమ భుజం మీద బుడ్డితీగ మొలిచింది. బుధవారం సాయంత్రానికల్లా ప్రభుత్వం ఆమెను రక్షిత ఆవాసంగా ప్రకటించింది. మామూలుగా ఒక కొండనో కోననో అలా ప్రకటించాలంటే ఏడెనిమిదేళ్లు పడుతుంది. సర్వే చేయాలి, హద్దురాళ్లు పాతాలి, అభ్యంతరాలు పిలవాలి. రెడ్డెమ్మ విషయంలో హద్దులు జాకెట్టు కొలతలతోనే తేలిపోయాయి. ఆ కొలతలు దర్జీ ఖాసింబీ నోట్‌బుక్కులో ముందే ఉన్నాయి. అభ్యంతరం చెప్పాల్సినవాడు మొగుడు ఓబులేసు ఒక్కడే, ఆ గడువులో అతను షేర్ ఆటో తోలుకుంటూ తీరిక లేకుండా ఉన్నాడు.

బుడ్డితీగ గొడుగుకొండ రాళ్ల సందుల్లో తప్ప భూమ్మీద ఇంకెక్కడా లేదు. పూలు వంకాయ రంగులో, కిరసనాయిలు బుడ్డి ఆకారంలో, వేలి గోరంత ఉంటాయి. మొత్తం మొక్కలు పదకొండు. రెడ్డెమ్మ పంతొమ్మిదేళ్లుగా ఏడాదికి రెండుసార్లు కొండెక్కి వాటిని లెక్కపెట్టి వస్తోంది. ఎప్పుడూ పదకొండే. తగ్గలేదని రేంజరు పెంచలయ్య సారు సంతోషపడేవాడు, పెరగలేదని రెడ్డెమ్మ దిగులుపడేది.

మొక్క భుజానికెలా వచ్చిందని ఆఫీసులో ఎవరూ ఆశ్చర్యపోలేదు, ఎందుకంటే కారణం ఫైల్లోనే ఉంది. ఆ ఏడు దేశీయ మొక్కల గణన చేయమని ఉత్తర్వు వచ్చింది గానీ ఫారాలు రాలేదు. బీరువాలో పాత కుటుంబ సర్వే ఫారాలు కట్టలు కట్టలుగా మిగిలి ఉన్నాయి. చెదలకు పెట్టేకంటే చెట్లకు వాడటం మేలని అందరూ ఒప్పుకున్నారు. రెడ్డెమ్మ ఎర్ర పెయింటు డబ్బాతో కొండెక్కి రాళ్ల మీద ఇంటి నంబర్లు వేసింది. వృత్తి అన్నచోట ‘పైకి పాకడం’ అని రాసింది. మరుగుదొడ్డి ఉన్నదా అంటే ‘లేదు, ఆరుబయట’ అని నిజమే రాసింది. కుటుంబ పెద్ద పేరు దగ్గరికి వచ్చేసరికి కలం ఆగింది.

“సార్, వీటికి పెద్ద ఎవరని రాసేది?”

“ఎవురో ఒకరి పేరు రాయమ్మా. ఖాళీ వదిలితే కంప్యూటరు ఒప్పుకోదు,” అన్నాడు పెంచలయ్య సారు ఫైలు మీంచి తలెత్తకుండా.

ఇంకొకరి పేరు రాస్తే బాగుండదని రెడ్డెమ్మ పదకొండు ఫారాల్లోనూ తన పేరే రాసింది. ఆధార్ నంబరూ తనదే వేసింది. అలా పదకొండు బుడ్డితీగలూ ఆమె కుటుంబ సభ్యులయ్యాయి. మన దేశంలో పేరు ఎక్కడుంటే మనిషి అక్కడికి పోక తప్పదు. బియ్యానికైనా ఓటుకైనా అంతే. మొక్కలకు మాత్రం వేరే చట్టం ఎందుకుంటుంది? పది మొక్కలు కొంచెం ఆలోచించుకుందామని కొండమీదే ఆగాయి. దారి పక్కనున్న పదకొండోది మాత్రం బయల్దేరి వచ్చేసింది.

మొదట దురద పెట్టింది, తర్వాత చీమ పాకినట్టయింది, ఆ తర్వాత రెండాకులు తొంగిచూశాయి. రెడ్డెమ్మకు భయం వేయలేదు. పట్టుబడిన దుంగలు, నరికేసిన మానులు, కాలిపోయిన పొదలు, ఇన్నేళ్లూ ఆమె దారం గుచ్చి కట్టినవన్నీ చచ్చినవాటి కాగితాలే. ఒక్క బతికున్నది తనను వెతుక్కుంటూ వచ్చిందంటే ఎంత సంతోషమైందంటే, బాత్రూములోకి పోయి అద్దం ముందు కాసేపు నవ్వుకుని వచ్చింది.

ఇంటికి పోయాక ఓబులేసు అటూ ఇటూ తిరిగి చూశాడు.

“ఏందిమే అది?”

“బుడ్డితీగ.”

“నీళ్లు యాడ పోయాల?”

“చెవెనక. కొంచెం కొంచెంగా పొయ్యి, అన్నీ ఒకేసారి కుమ్మరిచ్చొద్దు.”

అతను చెంబు తెచ్చి అలాగే పోశాడు. పెళ్లయి ఇరవై ఆరేళ్లయినా పెళ్లానికి తన చేత్తో నీళ్లు పోసింది అదే మొదలు.

ఆవాసానికి ఉండే పద్ధతులు ఒక్కొక్కటే అమల్లోకొచ్చాయి. రెడ్డెమ్మకు సెలవులు రద్దయ్యాయి, ఏ అడవీ సెలవు పెట్టదు కాబట్టి. ‘ఇది రక్షిత ప్రాంతం, అతిక్రమించినవారు శిక్షార్హులు’ అన్న రేకు బోర్డు మెడలో వేశారు. అదే ఇంట్లో ఉండటానికి ఓబులేసు పదిహేను రోజులకోసారి ప్రవేశ అనుమతి తెచ్చుకోవాల్సి వచ్చింది. పక్కింటి మేకలకు నోటీసులు అందాయి, అవి నోటీసులను తినేశాయి. బస్సులో ఆమె పక్క సీటు ఖాళీగా ఉంచాలని రాతపూర్వకంగా ఆదేశించారు. పంతొమ్మిదేళ్లు నిలబడి ప్రయాణం చేసిన మనిషి కాబట్టి ఈ ఏర్పాటు మీద రెడ్డెమ్మ ఫిర్యాదు చేయలేదు.

ఇరవయ్యో రోజున తీగ పూసింది. మూడు పూలు. ఆఫీసంతా వచ్చి చూసింది, ఖాసింబీ దిష్టి తీసింది. మూడో రోజుకు పూలు వాడి రాలిపోయాయి, కాయ నిలవలేదు. మళ్లీ పూసింది, మళ్లీ రాలింది. కారణం రెడ్డెమ్మకు తెలుసు. గొడుగుకొండ మీద చెమ్మగా ఉన్న రాళ్ల కింద ఆవగింజంత ఈగ ఒకటుంటుంది. అది పూబుడ్డి లోపలికి దూరి, బయటికి రాలేక ఒక రాత్రి అక్కడే ఉండి, పొద్దున ఒళ్లంతా పుప్పొడితో వస్తుంది. ఆ ఈగ లేకపోతే కాయ లేదు, ఆ రాళ్లు లేకపోతే ఈగ లేదు. కాయ లేకపోతే రెడ్డెమ్మ పోయిన రోజే ఆ తీగా పోతుంది.

సరిగ్గా అదే వారం ఆఫీసు టపాలో మెమో వచ్చింది. ‘బుడ్డితీగకు శాశ్వత ఉద్యోగంలో ఉన్న ఆవాసం లభించినందున, గొడుగుకొండ ఇకమీదట ఆవాసంగా అవసరం లేదని భావించి, సదరు కొండను కంకర క్వారీకి ఇవ్వడమైనది. మిగిలిన పది మొక్కలను పది రోజుల్లోగా సిబ్బంది మీద సర్దుబాటు చేయవలెను.’

రెడ్డెమ్మ కాగితం పట్టుకుని పెంచలయ్య సారు గదిలోకి పోయింది.

“సార్, నేను కొండను కాదు సార్. నా భుజంలో ఈగలుండవు.”

“ఈగల మీద మన దగ్గర ఫైలు లేదమ్మా. అది పారిశుధ్యం వాళ్లది.”

“అయితే కొండ పాయె. ఇంగ మొక్క బతికినా బతకనట్టే గదా సార్?”

పెంచలయ్య సారు చెడ్డవాడు కాదు. పైనుంచి వచ్చిన కాగితానికి ఎదురు రాయడం ఆయన చేతికి అలవాటు లేదు, అంతే. సొరుగులోంచి ఒక గెజిట్ తీసి ఆమె ముందుకు జరిపాడు.

“నీ నోటిఫికేషను నువ్వెప్పుడన్నా చదివినావా రెడ్డెమ్మా?”

ఆమె చదవలేదు. తన గురించి ప్రభుత్వం ఏం రాసిందో ఎవరు మాత్రం చదువుతారు? ఆరో అంశం దగ్గర వేలు ఆగింది. ‘ఆవాసానికి నలువైపులా రెండు వందల మీటర్ల లోపల తవ్వకం, పేలుడు, యంత్రాల సంచారం నిషేధం.’

“ఆవాసం యాడుంటే ఆడేనా సార్?”

“యాడుండాలో రాయలేదమ్మా. ఆవాసాలు నడుస్తాయని ఎవురనుకుంటారు?” అని ఆయన మళ్లీ ఫైల్లో తల పెట్టేశాడు.

మరుసటి సోమవారం రెడ్డెమ్మ గొడుగుకొండ నడినెత్తిన చాప వేసుకుని కూర్చుంది. ఓబులేసు మంచినీళ్ల క్యాను, సంగటి క్యారియరు, గొడుగు మోసుకొచ్చి పెట్టాడు. పది గంటలకు పొక్లెయిన్లు వచ్చాయి. కాంట్రాక్టరు తరఫు సూపర్‌వైజరు దామోదరం టేపు చేత్తో పట్టుకుని పైకొచ్చాడు.

“అమ్మా, లెయ్యమ్మా. ఇక్కడ పని ఉంది.”

“నేను అమ్మను కాదు నాయనా, ఆవాసాన్ని. బోర్డు చూడు.”

దామోదరం చదువుకున్నవాడు, బోర్డు చదివాడు. టేపు ముప్పై మీటర్లదే కావడంతో ఒక్కో వైపు ఏడుసార్లు పరిచి, చెమటలు కక్కుతూ రెడ్డెమ్మ చుట్టూ సున్నంతో పెద్ద గుండ్రం గీశాడు. ఆ గీతను అతను గాని, యంత్రం గాని ఒక్క అడుగు కూడా దాటలేదు. కాకపోతే గొడుగుకొండ కిలోమీటరు పొడవు. మధ్యాహ్నానికి తూర్పు కొన నుంచి యంత్రం ఒక పెద్ద ముద్ద తీసి లారీలో వేసింది. అప్పుడు భుజం మీద తీగ గజగజ వణికింది. రెడ్డెమ్మకు ఏడుపు ఆగలేదు. కొంగు నోట్లో కుక్కుకుని మరీ ఏడ్చింది.

ఓబులేసు గొడుగు ఆమె వైపు వంచి అడిగాడు.

“మిగిలిన పదికీ నువ్వు గాక వేరే పెద్దలు గావాల. అంతే గదా?”

“అంతే.”

“ఫారాలుండాయా?”

“బీరువా నిండా ఉండాయి.”

“అయితే ఏడుస్తా కూచుంటే ఎట్లమే? ముక్కు తుడుసుకో,” అని అతను ఆటో తీశాడు. రెండు ట్రిప్పుల్లో తొమ్మిది మందిని, బీరువాలోని ఫారాల కట్టను తెచ్చాడు. ముందు సీట్లో ఖాసింబీ. నన్నారి వేర్లు తవ్వే ఆడవాళ్లు నలుగురు, పోస్టుమేను, ఆటోస్టాండు వాళ్లు ముగ్గురు. ఫారాలు పంచుతుంటే దామోదరానికి ఒళ్లు మండింది.

“కందకు లేని దురద కత్తిపీటకెందుకమ్మా మీకు?”

“దురద పుట్టాలనే గదా నాయనా వొచ్చినాము,” అంది ఖాసింబీ వేలిముద్ర వేస్తూ.

ఓబులేసు పేరు రెడ్డెమ్మ కుటుంబంలో ముందే ఉంది కాబట్టి, పదో ఫారం ఎవరి పేరుతో నింపాలో ఎవరికీ తోచక పెంచలయ్య సారును పిలిపించారు. ఆయన తనిఖీకని వచ్చి, నమూనాగా తన పేరే రాసి చూపించాడు. కంప్యూటరుకు నమూనా, అసలు అన్న భేదం లేదు. గురువారానికి ఖాసింబీకి మోచేతి మీద, పోస్టుమేనుకు టోపీ కింద, పెంచలయ్య సారుకు వీపు నడిమధ్య దురద పుట్టింది. అయితే సారుకు మాత్రం చెయ్యి అందదు. ఒక అటెండరు స్కేలుతో గోకి పెట్టాడు. శనివారానికి పదకొండు ఆవాసాలు కొండ మీద ఈ చివరి నుంచి ఆ చివరి దాకా కూర్చున్నాయి. దామోదరం సున్నం బస్తాలు మూడు ఖర్చుపెట్టి గుండ్రాలు గీశాడు. ఒకదాన్నొకటి తగులుతూ గుండ్రాలు కొండనంతా కప్పేశాయి, పొక్లెయిను పెట్టడానికి చాపంత జాగా కూడా మిగల్లేదు.

ఆ తర్వాత రోజులు తిరునాళ్లలా గడిచాయి. ఖాసింబీ కుట్టు మిషను పైకి తెప్పించుకుని, తీగ బయటికి రావడానికి అందరి చొక్కాలకూ కిటికీలు కుట్టింది. పెంచలయ్య సారు రాతిబండ మీద ఫైళ్లు పెట్టుకుని సంతకాలు చేశాడు. పొద్దున సంగటి, ఊరుబిండి పచ్చడి, మధ్యాహ్నం మజ్జిగ, సాయంత్రం నన్నారి షర్బత్తు. ఎవరికైనా దగ్గొస్తే పదిమంది పరిగెత్తుకొచ్చి తీగకేమైందని అడిగేవాళ్లు. పనిలేక ఊరికే నిలబడి ఉన్న దామోదరం మెడ మీద మాత్రం వయ్యారిభామ కలుపు మొలిచింది. దానికి ఫారం అక్కర్లేదు, కుటుంబ పెద్ద అక్కర్లేదు, ఎక్కడ చోటుంటే అక్కడ మొలుస్తుంది. కొండంతా తుమ్ములు. ఖాసింబీ ప్రతి శుక్రవారం అతన్ని కూర్చోబెట్టి వేళ్లతో సహా పీకేది. అతను మెడ వంచి పీకించుకునేవాడు.

ఒక మధ్యాహ్నం రెడ్డెమ్మ మెడ ఎముక మీద ఏదో కదిలింది. ఆవగింజంత ఈగ. అది మెల్లగా పాకి భుజమెక్కి, పూబుడ్డి అంచున నిలబడి ఆలోచించింది. కుట్టు మిషను ఆగింది. ‘మూడు గంటల ఇరవై నిమిషాలకు ఈగ లోపలికి ప్రవేశించినది’ అని పెంచలయ్య సారు రాసుకున్నాడు. మర్నాడు పొద్దున అది పసుపు పూసుకున్న పెళ్లికూతురులా బయటికొచ్చినప్పుడు ఓబులేసు ఈల వేశాడు. నెల తిరిగేలోపు తీగకు కోడెదూడ కొమ్ముల్లా జంట కాయలు దిగాయి.

పైనుంచి కమిటీ వచ్చి ఆవాసాలను లెక్కపెట్టింది. పదకొండు, అన్నీ ఆరోగ్యంగా ఉన్నాయని రాసుకుంది. మరి కొండ సంగతేమిటని రెడ్డెమ్మ అడిగితే, ఫారంలో కొండ అనే గడి లేదని మర్యాదగానే చెప్పారు. క్వారీ అనుమతి అలాగే ఉంది. వీళ్లు దిగిన రోజు తవ్వకం మొదలవుతుంది, దిగనంత కాలం మొదలవదు. అందుకని ఎవరూ దిగలేదు. రేషన్ దుకాణం, పోలింగు బూతు కొండమీదికే వచ్చాయి. రెడ్డెమ్మ ఉద్యోగ విరమణ ఫైలు పంపితే, ఆవాసానికి విరమణ వయసు లేదని తిరిగొచ్చింది. ఆమె దాన్ని చదివి, మడిచి, క్యారియరు కింద ఎత్తుకి పెట్టుకుంది.

కాంట్రాక్టరు ఊరికే కూర్చోలేదు. నాలుగు కిలోమీటర్ల అవతల తాబేలుగుట్ట ఉంది. దాని మీద ఏ మొక్కలున్నాయో ఎవరూ రాయలేదు, ఏ ఫారంలోనూ ఏ పెద్ద పేరూ లేదు. యంత్రాలు అటు పోయాయి. ఐదు నెలలు దుమ్ము లేచింది. గొడుగుకొండ మీదివాళ్లు ఆ వైపు చూసేవాళ్లు, “పాపం, దానికి ఎవురూ లేరంట” అనుకునేవాళ్లు, ఊరుబిండి గిన్నె ఇటు జరపమనేవాళ్లు. ఎండాకాలానికి తాబేలుగుట్ట పూర్తయింది.

చైత్రంలో ఒక గాలిపొద్దున కాయలు పగిలాయి. తెల్లటి పట్టుకుచ్చులు తగిలించుకున్న గింజలు వందలు వందలుగా లేచాయి. సంతోషం పట్టలేక రెడ్డెమ్మ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. గింజలన్నీ గుంపుగా తాబేలుగుట్ట వైపే పోయాయి. అక్కడ రాయి లేదు, రాతి సందు లేదు, వాలడానికి గాలి తప్ప ఏమీ లేదు. కాసేపు ఆ ఖాళీ మీద తిరిగి తిరిగి, అవన్నీ వెనక్కి మళ్లాయి.

అప్పటికే కాయలు పగిలాయన్న వార్త తెలిసి ఊరు ఊరంతా కొండెక్కింది. చంకన పిల్లలతో తల్లులు, స్కూలు పంతుళ్లు, పొక్లెయిను డ్రైవర్లు. ఎవరి ఫారాలు వాళ్లు నింపుకుని తెచ్చుకున్నారు.

“తోసుకోవొద్దండి, అందరికీ వస్తాయి,” అని రెడ్డెమ్మ అరుస్తూనే ఉంది. “ఖాళీ భుజాలుండేవాళ్లు ముందుకు రాండి.”

నవ్వుకుంటూ, ఒకరినొకరు ఆటపట్టించుకుంటూ జనం చొక్కా గుండీలు విప్పుకుని గాలికెదురుగా నిలబడ్డారు. పసిపిల్లలకు తల్లులే విప్పారు.