ప్రొద్దుటూరు ముద్ర పడిన విదేశీ కారు

ఒక వస్తువు అసలుదా నకలుదా అని చెప్పే హక్కు ఈ దేశంలో ఆ వస్తువుకు తప్ప తక్కిన అందరికీ ఉంది. ఆ హక్కును పద్ధతిగా వాడుకోవడానికే ప్రభుత్వం మండళ్ళను, మండళ్ళు అధికారులను, అధికారులు జిప్పు సంచులను ఏర్పాటు చేసుకుంటారు. ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళ వీధిలోని ఒక మిద్దెకు అలాంటి జిప్పు సంచి ఒకటి వచ్చిన రోజున ఇంట్లో ఉన్నవారు వీరు: నగల వ్యాపారి నాగేశ్వరయ్య, ఆయన భార్య భాగ్యలక్ష్మి, ఫోనులో జరిగే పనులన్నిటికీ ఇంటి తరఫున బాధ్యుడైన తమ్ముడు భానుప్రకాష్, అంగడిలో నగలకు మెరుగుపెట్టే అలీ అహ్మద్, నాగేశ్వరయ్య కూతురు సాయిశ్రీ, రెండు సీట్ల విదేశీ పందెం కారు ఒకటి, విడివిడిగా.

(సాయిశ్రీని కారు కంటే ముందు చెప్పాము. ఆ రోజు ఇంట్లో ఈ వరుసను పాటించినవారు ఇంకెవరూ లేరు.)

సాయిశ్రీ పదో తరగతి దాకా దువ్వూరులో అమ్మమ్మ దగ్గర ఉండి అక్కడి బడిలోనే చదివింది. ఇంటర్ కోసం జూన్‌లో ప్రొద్దుటూరు వచ్చింది. వచ్చిన రోజునే నాయన ఆమెను పైకి తీసుకుపోయి, వీధి వైపు కిటికీ ఉన్న గది చూపించి, "ఈ గది నీదే పాపా" అన్నాడు. నలుగురున్న చోట సాయిశ్రీ గొంతు లేవదు. కాలేజీలో హాజరు పిలిచినప్పుడు ఆమె పలికే "ఎస్ మేడమ్" పక్క బెంచీ దాకా కూడా పోదు. ఆ గదిలో మాత్రం తలుపు వేసుకుని పాఠాలు పైకే చదువుకునేది. తన గొంతు అంత బాగుంటుందని ఆమెకు అక్కడే తెలిసింది. ఆ సంగతి ఇంకా ఎవరికీ చెప్పలేదు.

సరిగ్గా అప్పుడే ఆ గదిలోకి కారు వచ్చింది.

కారు చరిత్ర చిన్నది. సాయిశ్రీ తాత దాన్ని ఒకప్పుడు పులివెందుల దగ్గరి ముగ్గురాయి గనుల యజమాని బంగళాలో చూసి ముచ్చటపడి కొన్నాడు. లారీలో ఊరికి తెచ్చాక తెలిసిందేమంటే, బంగారు అంగళ్ళ వీధిలో బంగారం పడుతుంది గానీ కారు పట్టదు. వీధి మొదట్లోనే ఒక మెకానిక్ చేత దాన్ని విప్పించి, ముక్కముక్కగా మోయించి, మిద్దె మీది రేకుల షెడ్డులో పెట్టించాడు. ఏ ముక్క ఎక్కడిదో గుర్తు పెట్టుకునే బాధ్యత ఆ మెకానిక్ తీసుకున్నాడు. తర్వాత ఆయన చనిపోయాడు. (బాధ్యతను ఎవరికీ అప్పగించలేదు.)

ఇన్నేళ్ళూ అది ఇనుమే. ఈమధ్య భానుప్రకాష్ ఫోనులో ఒక వీడియో చూసి, ఆ కంపెనీ ఆ రకం కార్లను వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని మాత్రమే చేసిందని, తక్కినవన్నీ వాటిని చూసి చేసిన నకళ్ళని కనిపెట్టాడు. ఆ రోజు నుంచి దాన్ని ఇంట్లో అందరూ 'బండి' అనడం మాని 'ఆస్తి' అనసాగారు.

ఆస్తి అసలుదో కాదో తేల్చే అధికారం రాష్ట్ర ప్రాచీన వాహన అసలుతన నిర్ధారణ మండలిది. దాని మొదటి నిబంధన ప్రకారం రేకుల కింద ఉన్నది వాహనం కాదు, సామాను. గట్టి కప్పు కింద, గాలి వచ్చే ఒకే గదిలో ఉన్నదే వాహనం. అలా ఇంజను సాయిశ్రీ మంచం పక్కకు, తలుపులు మంచం కిందికి, సీట్లు పుస్తకాల గూటి ముందుకు వచ్చాయి.

"అసలుదని తేలితే ఈడనే ఉంటాది. నకలని తేలితే పాత ఇనుముకు పోతాది" అని నాగేశ్వరయ్య తీర్పు చెప్పాడు. "అంతవరకు సర్దుకోమ్మా."

కనుక ఆ కారు నకలు కావాలని మొక్కుకున్న మనిషి ఇంట్లో ఒక్క సాయిశ్రీయే.

మండలికి దరఖాస్తు యాప్‌లోనే పెట్టాలి. యాప్ వాహనం ముఖాన్ని చూపించమంది. విప్పిన కారుకు ముఖం ఎక్కడిది? భానుప్రకాష్ రేడియేటర్ జాలీని ఫోటో తీశాడు. 'వాహనం పూర్తిగా కనబడటం లేదు, కాస్త వెనక్కి జరగమనండి' అని యాప్ జవాబిచ్చింది. తర్వాత, పెన్షన్ తీసుకునే ముసలివాళ్ళను అడిగినట్టే, వాహనం ప్రాణంతో ఉందని రుజువు చేయడానికి మెల్లగా ఎడమకు తిరిగి రెప్పలు ఆర్పమంది.

"పాపా, ఈ లైట్లు రెండూ కండ్లకు అడ్డం పెట్టుకోని నిలబడు" అన్నాడు భానుప్రకాష్.

"నేనెందుకు చిన్నాయనా?"

"కదిలేది కావాలంటాండాదిమ్మా. మీ నాయన తిరిగితే మీసం కనపడ్తాది."

సాయిశ్రీ హెడ్‌లైట్లు మొహానికి పెట్టుకుని ఎడమకు తిరిగి, వాటి సందులోంచి రెప్పలు ఆర్పింది. 'వాహనం గుర్తించబడినది, ధన్యవాదాలు' అని యాప్ చెప్పింది.

ఇక వాహనం ఆఖరుసారి నడిచిన ఊరి నుంచి అభ్యంతరం లేదన్న పత్రం కావాలి. నాగేశ్వరయ్య పులివెందుల పోయాడు. అక్కడి గుమాస్తా బండి చూపిస్తేనే పత్రమన్నాడు.

"విప్పినాము కద సార్."

"అట్లయితే విప్పకముందు తీసుకరాప్పా."

నాగేశ్వరయ్య వెనక్కి వచ్చి, మర్నాడు స్టీరింగు చక్రాన్ని ఒళ్ళో పెట్టుకుని మళ్ళీ బస్సెక్కాడు. (దారి పొడవునా డ్రైవరు వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాడట.) గుమాస్తా చక్రాన్ని అటూ ఇటూ తిప్పి, 'వాహనం నడిపి చూడడమైనది' అని రాసి సంతకం పెట్టాడు.

అన్నీ కుదిరాక జమ్మలమడుగులోని మండలి శాఖ నుంచి అధికారి వస్తాడని కబురు వచ్చింది. (ఆ శాఖ యాప్‌లో బస్టాండు పక్కన, నేలమీద పెన్నేరు పక్కన ఉంది.) అప్పుడు నాగేశ్వరయ్యకు అసలు భయం పట్టుకుంది. బంగారు అంగళ్ళ వీధిలో ఎవరి నగ అయినా పరీక్షకు పరాయి చేతికి పోయే ముందు, తిరిగి వచ్చేది అదే నగ కావాలని, దాని వెనక అంగడి ముద్ర కొట్టి పంపుతారు. ముద్ర లేకుండా పంపినవాడిని ఆ వీధిలో అమాయకుడనరు, అంతకంటే పెద్ద మాట అంటారు. నెక్లెసుకు తీసుకునే జాగ్రత్త కారుకు ఎందుకు తీసుకోకూడదు?

అలీ అహ్మద్ సరంజామాతో పైకి వచ్చాడు. ఇత్తడి ముక్కలకు చింతపండు, తక్కినవాటికి కుంకుడు రసం పట్టించాడు. సాయిశ్రీ మంచం మీద కాళ్ళు ముడుచుకుని తెలుగు పుస్తకం మనసులోనే చదువుకుంటూ ఉంది.

"అన్నా, ఇంజను మింద కంపెనీవాళ్ళ అంకెలేవో ఉండాయి. గరుగ్గా ఉండాది, ముద్ర సరిగ్గా పడదు" అన్నాడు అలీ అహ్మద్.

"అరగదియ్యి."

"ఎంత అరగదియ్యాల?"

"అద్దం మాదిరి రావాల."

భాగ్యలక్ష్మి గడపలో నిలబడి చూసింది. "నా పెండ్లి నగలకు కూడా ఇంత మెరుగు పెట్టీలేదు ఈయప్ప" అంది.

"నీ నగల్ని ఎవురూ మార్చుకోరులేమ్మే" అన్నాడు నాగేశ్వరయ్య.

సాయంత్రానికి ప్రతి ముక్క మీదా, బోల్టుల తలల మీద కూడా, 'నా.ప్రొ.' అన్న అంగడి ముద్ర పడింది. కారు తళతళలాడింది. కంపెనీ వేసిన అంకె ఒక్కటీ మిగల్లేదు.

అధికారి పేరు శ్రీనివాసులు, హోదా ఉప అసలుతన అధికారి (తాత్కాలిక). తాత్కాలిక అధికారులు ఇచ్చే పత్రాలు శాశ్వతంగా చెల్లుతాయి. ఆయన మజ్జిగ తాగి, జిప్పు సంచిలోంచి భూతద్దాన్ని, నాలుగు రంగుల చీటీలను తీశాడు. అసలుకు పచ్చ, నకలుకు ఎరుపు, అసలును మించిన నకలుకు పసుపు, సంబంధం లేనివాటికి తెలుపు. గదిలో ఉన్న దేనికైనా ఏదో ఒక చీటీ పడాల్సిందేనని, చీటీ లేని వస్తువు గదిలో ఉంటే పరీక్షే చెల్లదని ఆయన వివరించాడు.

ఇంజను ముందు కూర్చుని భూతద్దంలోంచి చాలాసేపు చూశాడు.

"నా.ప్రొ. అంటే ఏందప్పా?"

"నాగేశ్వరయ్య, ప్రొద్దుటూరు సార్. మా అంగడి ముద్ర" అన్నాడు నాగేశ్వరయ్య గర్వంగా.

"కంపెనీ అంకె యాడుండాది?"

"గరుగ్గా ఉంటే తీసేపిచ్చినాము సార్. శుభ్రంగా ఉండాలని."

శ్రీనివాసులు గేరుబాక్సు చూశాడు. చక్రాలు చూశాడు. ఒక బోల్టును వేళ్ళ మధ్య తిప్పి చూశాడు. తర్వాత లేచి నిలబడి చొక్కా సర్దుకున్నాడు.

"నిబంధన చెప్తాండా, వినండి. భాగం మింద ఎవరి ముద్ర ఉంటే వాళ్ళే తయారీదారు. ఈ బండి తయారీదారు మీరేనప్పా."

"అయ్యో, మేము చేసింది కాదు సార్. విదేశీ బండి."

"విదేశమని యాడన్నా రాసుండాదా?"

రాసి లేదు. అలీ అహ్మద్ తన చేతుల వైపు చూసుకున్నాడు.

"మరి వీడియోలో వస్తాండాయే సార్, ఆ దేశంలో ఉండేవి?" అన్నాడు భానుప్రకాష్.

"వాటి మింద మీ ముద్ర ఉండాదా?"

"ల్యా సార్."

"అయితే అవన్నీ నకళ్ళు."

సాయిశ్రీకి ఒక్క క్షణం ఊపిరి తేలికైంది. చేసింది నాయనే అయితే అది పాత కారు కాదు, పాత ఇనుమే. సీట్ల వెనక దాగిన పుస్తకాల గూడు ఆమెకు అప్పుడే కనబడినట్టయింది.

భానుప్రకాష్ గొంతు సవరించుకున్నాడు. "అంటే సార్, ఇట్లాంటిది ప్రపంచంలో..."

"ఇదొక్కటే."

"అసలుదేనా?"

"ముద్ర ఉన్నాక అసలు కాకుండా ఎట్ల పోతాదప్పా? శానా అరుదైనది కూడా." శ్రీనివాసులు ఇంజనుకు పచ్చ చీటీ అంటించాడు. "అయితే అసలుదని తయారీదారు రాసియ్యాల. తయారీదారు, సొంతదారు ఒకరే అయితే ఆ మాట చెల్లదు. పై ఆఫీసుకు రాస్తా. జవాబు వచ్చేదాకా ఈ గదిలో పచ్చ చీటీలవి తప్ప ఇంకేవీ ఉండగూడదు."

"జవాబు ఎప్పుడొస్తాది సార్?" అంది భాగ్యలక్ష్మి.

"ఇంతవరకు ఎవరికీ రాలేదమ్మా. కాబట్టి ఆలస్యమైందని చెప్పడానికి వీల్లేదు."

నాగేశ్వరయ్య మొహంలో ఈ చివరి మాటలు చెవికెక్కిన జాడ లేదు. తాను ఒక కారు తయారు చేశాననే విషయానికి ఆయన అప్పుడప్పుడే అలవాటు పడుతున్నాడు. ఇంజను మీద చెయ్యి వేసి, బిడ్డ తల నిమిరినట్టు నిమిరాడు.

శ్రీనివాసులు మంచానికి తెల్ల చీటీ వేశాడు. పుస్తకాలకు తెల్లది. ఫ్యానుకు తెల్లది. కిటికీ దగ్గర గోడకు ఆనుకుని నిలబడ్డ సాయిశ్రీ దగ్గర ఆగాడు.

"ఈ పాప?"

"మా కూతురు సార్."

"బండితో పాటు వచ్చిందా?"

"ల్యా సార్. మొన్న జూన్‌లో దువ్వూరు నుంచి వచ్చింది."

"తర్వాత చేరింది" అని తనలో అనుకుని, ఆయన తెల్ల చీటీ వెనక కాగితం ఊడదీశాడు. ఆడపిల్ల కనుక మర్యాదగా తాను అంటించకుండా చేతికిచ్చాడు. సాయిశ్రీ దాన్ని తీసుకుంది. ఏం చేయాలో తోచక చున్నీ మీద అంటించుకుంది. తర్వాత, ఆ గదిలో పాఠాలు చదివే గొంతుతోనే, అందరికీ వినబడేటట్టు అంది:

"ఇది నా గది."

భాగ్యలక్ష్మి ఉలిక్కిపడి కూతురి వైపు చూసింది. శ్రీనివాసులు మాత్రం ఆ మాటను అధికారికంగానే తీసుకున్నాడు. పెన్ను మూత తీశాడు.

"ఎవరిచ్చినారమ్మా?"

"మా నాయన."

ఆయన నాగేశ్వరయ్య వైపు తిరిగాడు. "మీరిచ్చినారా? గదికి పాప పేరుతో ముద్ర ఏమన్నా కొట్టిచ్చినారా?"

నాగేశ్వరయ్య గోడలను చూశాడు. కిటికీ రెక్కలను, తలుపు చెక్కను చూశాడు. చివరికి ఇంజనును చూశాడు.

"గదికి ఎవురు కొట్టిస్తారు సార్" అన్నాడు.

శ్రీనివాసులు పెన్ను మూత పెట్టేశాడు. భాగ్యలక్ష్మి ఏదో అనబోయింది, కానీ చేతిలోకి ఎవరో మంచం కోడు అందించారు. భానుప్రకాష్ రెండో వైపు పట్టాడు. మంచం పోయింది, పుస్తకాలు పోయాయి. తెల్ల చీటీలవి ఒక్కొక్కటే గడప దాటుతుంటే సాయిశ్రీ కూడా వాటి వరుసలోనే బయటికి నడిచింది. వసారాలో నిలబడి, తలుపు చెక్క మీద చెయ్యి ఆనించి లోపలికి చూసింది. పచ్చ చీటీలతో కారు చాలా బాగుంది.

నాగేశ్వరయ్య తలుపు మూయడానికి వచ్చాడు.

"జాగ్రత్తమ్మా, జాగ్రత్త" అన్నాడు ఎంతో ప్రేమగా.

సాయిశ్రీ చెయ్యి తీసేసింది. తలుపు పడింది. లోపల అలీ అహ్మద్ హెడ్‌లైటును నేలమీద పెడుతూ, "దీనికేం కాలేదులే అన్నా" అనడం వినిపించింది.