వాలు మీద ఆగకూడదు

రాగ్నా కేకు చుట్టూ చాకుతో క్రీము పూస్తోంది. కొండకు అవతల ఉండే చెల్లెలు సోల్‌వేగ్ పుట్టినరోజు ఇవాళ. కిందటేడు మంచుతుఫాను వల్ల రాగ్నా వెళ్లలేకపోయింది. చెల్లెలి అలక ఇంకా తీరలేదు. ఈసారి మధ్యాహ్నం కాఫీవేళకు కేకు అక్కడ ఉండి తీరాలి.

"నాన్న పాత స్నోమొబైల్ మీద నేనే వెళ్లొస్తా," అంది.

"ఆ డొక్కుబండి మీదా? కేకు ఇలా తే, నేనిచ్చొస్తా," అన్నాడు భర్త టోర్‌స్టెన్. "ఆ వాలు నీవల్ల కాదు. నిలబడి నడపాలి, వేగం తగ్గించకూడదు, అన్నిటికన్నా ముఖ్యం..."

"మధ్యలో ఆగకూడదు," పూర్తిచేసింది రాగ్నా. ఆ మాట ఆ ఇంట్లో పిల్లికి కూడా కంఠస్థమే.

టోర్‌స్టెన్ కేకు డబ్బా పట్టుకుని తన స్నోమొబైల్ మీద బయల్దేరాడు. రాగ్నా గిన్నెలు కడుగుతూ కిటికీలోంచి చూస్తూ ఉంది. సగం వాలులో ఎవరో స్టాక్‌హోమ్ టూరిస్టు బండి ఆపుకుని ఫొటోలు తీసుకుంటున్నాడు. వాలు మీద ఆగకూడదని అతనికి చెప్పడానికి టోర్‌స్టెన్ ఆగాడు. ఆగగానే అతని బండి కూడా మెత్తటి మంచులో సీటుదాకా దిగబడింది.

ఆగిన బండిని చూసి ఆగకుండా పోవడం ఆ ఊళ్లో పెద్ద అమర్యాద. పక్కింటి ఎస్కిల్ ఆగాడు, దిగబడ్డాడు. తాడు ఉందా అని అడగడానికి టపా తెచ్చే గున్నెల్ ఆగింది. ఆ తర్వాత పాస్టరు గారు. కాసేపటికి వాలంతా సంతలా తయారైంది.

ఫోన్ మోగింది. ఎస్కిల్.

"కంగారుపడకు రాగ్నా, అందరం క్షేమం. గున్నెల్ దగ్గర కాఫీ కూడా ఉంది. కేకు మాత్రం... అబ్బ, ఎంత బాగా కుదిరిందో!"

"తినేశారా?"

"పాస్టరు గారు చలికి వణికిపోతున్నారమ్మా. ఒక్క ముక్కయినా పెట్టకపోతే ఏం బాగుంటుంది?"

ఇంతలో టోర్‌స్టెన్ పార కోసం నడిచి వచ్చాడు, నడుందాకా మంచుతో.

"ఆ ఎస్కిల్ గాడికి బుర్రలేదు. వాలు మీద ఎవడైనా ఆగుతాడా? కొండ ఎక్కేటప్పుడు..."

రాగ్నా చలిగదిలోంచి ఇంకో కేకు తెచ్చింది. టోర్‌స్టెన్‌తో కాపురం మొదలుపెట్టినప్పటి నుంచీ ఆమె ఏదైనా రెండేసి చేస్తుంది.

"ఇదెందుకు చేశావ్?"

ఆమె కేకును డబ్బాలో పెట్టి, మేకుకు వేలాడుతున్న నాన్న బండి తాళం తీసుకుని బయటికి నడిచింది.

టోర్‌స్టెన్ కిటికీ దగ్గర నిలబడ్డాడు. వాలు మీద అందరూ చేతులూపుతున్నారు. పాస్టరు గారైతే రెండు చేతులూ. డొక్కుబండి ఎవరికోసమూ ఆగకుండా కొండ దాటిపోయింది.

"చూశావా," అన్నాడు పిల్లితో, "అంతా నేను నేర్పిందే."